మేము, మీరు... మనం!

తెలుగులో మనకో గొప్ప సౌకర్యం ఉంది. ఇంగ్లీషువాళ్లు 'వి' అన్నా, హిందీవాళ్లు 'హమ్' అన్నా ఎదుటివాడు ఆ లెక్కలో ఉన్నాడో లేడో సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. మనకు ఆ అవసరం లేదు. "మేం తిరుపతి వెళ్తున్నాం" అంటే నువ్వు రావట్లేదని. "మనం తిరుపతి వెళ్తున్నాం" అంటే నువ్వూ బట్టలు సర్దుకోమని. ఒక్క మాటతో మనిషిని లోపలికి పిలుస్తాం, ఒక్క మాటతో గుమ్మం బయట నిలబెడతాం.

మనుషులు గుంపులుగా ఎందుకు విడిపోతారు, ఎందుకు కొట్టుకుంటారు, మళ్లీ ఎలా కలుస్తారు? సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు దాదాపు నూరేళ్లుగా కొలుస్తున్నది ఈ రెండు మాటల మధ్య దూరాన్నే. వాళ్లకు దొరికిన విశేషాల్లో కొన్ని ఇవి.

పావుగంటలో పాతకాపు

జనరల్ బోగీ ఎక్కినవారందరికీ ఇది అనుభవమే. ప్లాట్‌ఫాం మీద ఉన్నంతసేపూ "కాస్త జరగండన్నా, అందరం పోవాల్సినవాళ్లమే" అని బతిమాలతాం. ఎలాగో లోపలికి దూరి, సంచి పైన పడేసి, ఒక మూల ఆనుకుంటాం. కాజీపేటలో అలా ఎక్కినవాడు వరంగల్ వచ్చేసరికి పాతకాపు. తలుపు దగ్గర నిలబడి "ఇక్కడ చోటెక్కడుంది? వెనక బోగీకి పొండి" అంటాడు. కులం, మతం, ఊరు, భాష ఏవీ అడ్డు రాకుండానే పావుగంటలో ఒక 'మేము' పుట్టేసింది. అది పుట్టడానికి ఎంత తక్కువ సరిపోతుందో తేల్చిన ప్రయోగం ఇంగ్లండులో జరిగింది.

చుక్కలు లెక్కపెడితే చాలు

హెన్రీ తాజ్‌ఫెల్ 1919లో పోలండులో పుట్టిన యూదుడు. ఫ్రాన్సులో చదువుకుంటూ ఆ దేశ సైన్యంలో చేరి జర్మన్లకు బందీగా దొరికారు. పోలండు యూదుణ్నని చెబితే ప్రాణం దక్కదని తెలిసి, ఫ్రెంచి యూదుణ్నని చెప్పుకుని బతికారు. యుద్ధం ముగిశాక వెతుక్కుంటే దగ్గరివాళ్లెవరూ మిగల్లేదు. మనిషి మీద అంటించిన ఒక్క చీటీ చావుబతుకులను తేల్చేస్తుందని ఆయనకు అలా తెలిసింది.

తర్వాత ఆయన బ్రిస్టల్‌లో 14, 15 ఏళ్ల బడిపిల్లలు 64 మందిని పిలిచి, తెరమీద మెరిసిన చుక్కలెన్నో ఊహించి చెప్పమన్నారు. "నువ్వు ఎక్కువ చెప్పేవాళ్ల జట్టు, నువ్వు తక్కువ చెప్పేవాళ్ల జట్టు" అని విడదీశారు. నిజానికి ఆ విభజన చీట్లు తీసినట్టు చేసిందే. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, మిగతావాళ్లకు చిల్లర డబ్బులు పంచమన్నారు. తన పంపకం నుంచి తనకు పైసా రాదు. ఎదుటివాడి పేరు తెలియదు, ఏ జట్టో మాత్రమే తెలుసు. అయినా పిల్లలు తమ జట్టువైపే మొగ్గారు.

అసలు ఆశ్చర్యం ఇలాగే చేసిన రెండో ప్రయోగంలో బయటపడింది. తమ జట్టుకు ఎక్కువ డబ్బు రావడం కన్నా, అవతలి జట్టుకు తమకన్నా తక్కువ రావడమే చాలామందికి ముఖ్యమైంది. అందుకోసం సొంత జట్టుకు కొంత నష్టమైనా ఒప్పుకున్నారు. ఈ ఫలితాలు 1970లో అచ్చయ్యాయి. పక్కవాడి రెండు కళ్లు పోవాలని తన ఒక కన్ను వదులుకున్నవాడి కథ మన ఇళ్లలో ఎప్పటినుంచో చెప్పుకుంటున్నదే.

లేని జాతి మీద ద్వేషం

యూజీన్ హార్ట్లీ అనే అమెరికా పరిశోధకుడు విద్యార్థులకు చాలా జాతుల పేర్ల జాబితా ఇచ్చి, ఎవరిని ఎంత దగ్గరికి రానిస్తారో చెప్పమన్నారు. జాబితాలో మూడు పేర్లు ఆయన కల్పించినవి: డేనిరియన్లు, పిరేనియన్లు, వాలోనియన్లు. వేరే జాతులంటే గిట్టనివాళ్లలో చాలామంది ఈ మూడింటినీ దూరంగానే పెట్టారు. 1946లో వచ్చిన ఆయన పుస్తకంలోని ఈ సంగతి ఒక అపోహను తొలగించింది. "వాళ్ల సంగతి తెలిసే అలా అంటున్నాం" అని మనం చెప్పుకుంటాం కదా, ద్వేషించడానికి ఎదుటివాడి సంగతి తెలియనక్కర్లేదు. ఎదుటివాడు ఉండనే అక్కర్లేదు.

ఆరు నెలల పాపకూ యాస తెలుసు

కేథరిన్ కింజ్లర్, ఆమె సహచరులు 2007లో ప్రచురించిన పరిశోధన ఇది. అయిదారు నెలల పిల్లలు తమ ఇంటి భాషను సొంత యాసతో మాట్లాడేవారివైపే ఎక్కువసేపు చూశారు. పది నెలల పిల్లలకు తెరమీద ఇద్దరు ఒకే బొమ్మను చూపిస్తే, తమ భాష మాట్లాడిన మనిషి ఇచ్చిన బొమ్మను అందుకోబోయారు.

అలవాటైన గొంతు వైపు తిరగడం తప్పు కాదు. ఆ మొగ్గును వెక్కిరింతగా మార్చేది పెద్దవాళ్లం. తెలుగు సినిమాల్లో ఏళ్ల తరబడి తెలంగాణ యాసను రౌడీకీ హాస్యగాడికీ అంటగట్టడం ఎంతమందిని నొప్పించిందో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో అందరం విన్నాం. ఉత్తరాంధ్ర, రాయలసీమ యాసలకూ ఆ దెబ్బ తగిలింది.

ఒకే ఆట, రెండు జతల కళ్లు

1951 నవంబరులో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కళాశాలల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ మోటుగా సాగింది. ప్రిన్స్‌టన్ మేటి ఆటగాడికి ముక్కు విరిగింది, డార్ట్‌మత్ ఆటగాడికి కాలు విరిగింది. ఆల్బర్ట్ హాస్టార్ఫ్, హాడ్లీ కాంట్రిల్ అదే ఆట ఫిల్మును రెండు కళాశాలల విద్యార్థులకూ వేసి, డార్ట్‌మత్ చేసిన తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ పిల్లలకు సగటున నాలుగు కనిపించాయి. ప్రిన్స్‌టన్ పిల్లలకు అవే పది దాకా కనిపించాయి. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. నిజంగా అలాగే చూశారు.

దీనికి తోడుగా రాబర్ట్ చాల్దీని బృందం 1976లో మరో సంగతి రాసింది. కళాశాల జట్టు గెలిచిన తర్వాత వచ్చే సోమవారం విద్యార్థులు ఆ కళాశాల పేరున్న చొక్కాలు ఎక్కువగా వేసుకొచ్చేవారు. గెలిచిన ఆట గురించి "మేం గెలిచాం" అనేవారు, ఓడినదాని గురించి "వాళ్లు ఓడిపోయారు" అనేవారు. క్రికెట్ మ్యాచ్ అయిపోయాక మన ఇంట్లో వినిపించే మాటలు గుర్తు తెచ్చుకోండి.

మాట ఒకటి, చేత ఒకటి

చైనావారిపై అమెరికాలో విముఖత గట్టిగా ఉన్న 1930ల తొలినాళ్లలో, రిచర్డ్ లాపియర్ ఒక యువ చైనా జంటను వెంటబెట్టుకుని దేశమంతా తిరిగారు. 251 హోటళ్లు, బసల్లో ఒక్కచోటే కాదన్నారు. తర్వాత అవే చోట్లకు "చైనావారిని రానిస్తారా?" అని ఉత్తరం రాస్తే, బదులిచ్చిన 128 మందిలో 90 శాతానికి పైగా "రానివ్వం" అన్నారు. కాగితం మీది 'చైనావాడి'ని కాదన్నవాళ్లు, ఎదురుగా వచ్చి నవ్విన మనిషిని కాదనలేకపోయారు.

పేరు, తండ్రి పేరు, తాత పేరు, కులం

కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరేడు తరగతుల మగపిల్లలు 642 మందికి కాగితం మీద చిక్కుదారుల ఆట ఇచ్చారు. దారి కనిపెట్టిన ప్రతి చిక్కుకూ డబ్బులిస్తామన్నారు. వారిలో సగం అగ్రకులాల పిల్లలు, సగం దళితుల పిల్లలు. కులం ప్రస్తావన లేనప్పుడు రెండు వైపులవాళ్లూ సమానంగా చేశారు. మరికొన్ని బృందాల్లో ఆటకు ముందు ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, తాత పేరు, కులం పైకి చదివి, "అంతే కదా?" అని అడిగారు. పిల్లవాడు తలూపాడు. ఆ తలూపు తర్వాత దళిత పిల్లలు విడదీసిన చిక్కులు సుమారు ఐదో వంతు తగ్గిపోయాయి.

పిల్లాడూ వాడే, తెలివీ అదే. మధ్యలో జరిగిందల్లా ఆ నాలుగు మాటలు పదిమందిలో వినిపించడం. బడిలో హాజరుపట్టీ, స్కాలర్‌షిప్ జాబితా చదివే ప్రతి ఉపాధ్యాయుడూ గుర్తుంచుకోవలసిన ప్రయోగమిది.

నీలికళ్లు, గోధుమరంగు కళ్లు

మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, 1968 ఏప్రిల్ 5న, అమెరికాలోని అయోవా రాష్ట్రం రైస్‌విల్‌లో జేన్ ఎలియట్ అనే టీచరు తన మూడో తరగతి పిల్లలను కళ్ల రంగును బట్టి విడదీశారు. ఆ తరగతిలో నల్లజాతి పిల్లలెవరూ లేరు. ఒక రంగు కళ్లవాళ్లు గొప్ప, రెండో రంగువాళ్లు తక్కువ అన్నారు. గంటల్లో స్నేహాలు తెగిపోయాయి. తర్వాత వరస తిప్పేశారు. 1970లో ఇదే పాఠాన్ని టీవీ కోసం చిత్రించినప్పుడు, గోధుమరంగు కళ్ల పిల్లలు 'తక్కువ' అయిన రోజున ఒక అక్షరాల కార్డుల పాఠానికి ఐదున్నర నిమిషాలు తీసుకున్నారు, 'గొప్ప' అయిన రోజున రెండున్నర నిమిషాల్లో ముగించారు. పసివాళ్లను అంత నొప్పించవచ్చా అన్న ప్రశ్న నేటికీ ఉంది. ఒక్క రోజే అంత నొప్పిస్తే, తరాల తరబడి భరించినవాళ్ల మాటేమిటన్న ప్రశ్న ఇంకా పెద్దది.

తాడు కథ

ఈ శాస్త్రంలో ఎంతో పేరుపడ్డ ప్రయోగాల్లో ఒకటి 1954 వేసవిలో ఓక్లహోమాలోని రాబర్స్ కేవ్ పార్కులో జరిగింది. చేసినవారు ముజాఫర్ షెరీఫ్. టర్కీలో పుట్టి, 1919లో ఇజ్మీర్ ప్రాంతంలో గ్రీకు సైన్యం దిగినప్పటి హింసను బాల్యంలో చూసిన మనిషి.

పదకొండేళ్లు అటూ ఇటుగా ఉన్న 22 మంది అబ్బాయిలను రెండు బస్సుల్లో తెచ్చి, పార్కులో వేర్వేరు చోట్ల దించారు. అందరూ ఒకే తరహా కుటుంబాలవాళ్లు, ఒకరికొకరు కొత్త. మొదటివారం ఒక జట్టు ఉందని రెండో జట్టుకు తెలియదు. ఈతలు కొట్టి, వంటలు చేసుకుని, ఒకరు 'రాట్లర్స్', ఒకరు 'ఈగల్స్' అని పేర్లు పెట్టుకున్నారు. తర్వాత ఇద్దరికీ పోటీలు పెట్టారు. గెలిచిన జట్టుకు పతకాలు, మడతకత్తులు.

తాడు లాగే పోటీలో ఓడిన ఈగల్స్ కోపంతో రాట్లర్స్ జెండా తగలబెట్టారు. రాట్లర్స్ రాత్రివేళ వచ్చి ఈగల్స్ మంచాలు తిరగేసి పోయారు. నేలమీద చల్లిన చిక్కుడుగింజలు ఎవరెన్ని ఏరారో అంచనా వేయమంటే, ప్రతి జట్టూ తనవాడి గింజలు ఎక్కువనీ అవతలివాడివి తక్కువనీ చెప్పింది. కలిపి భోజనాలు పెట్టారు, కలిపి సినిమా చూపించారు. పోట్లాట తగ్గలేదు సరికదా, అన్నాల దగ్గర తిండి విసురుకున్నారు.

అప్పుడు షెరీఫ్ దారి మార్చారు. శిబిరానికి నీళ్లు ఆగిపోయేట్టు చేశారు. ట్యాంకు కొండమీద, గొట్టం చాలా పొడవు. రెండు జట్లూ కలిసి గొట్టం వెంట నడిచి, మూసుకుపోయిన కుళాయిని బాగుచేశారు. ఇంకోరోజు అందరికీ తిండి తేవలసిన లారీ కదలనని మొరాయించింది. ఎవరికో ఆ తాడు గుర్తొచ్చింది. ఏ తాడు మీద కొట్టుకున్నారో ఆ తాడునే లారీకి కట్టి, అందరూ ఒకేవైపు లాగారు. తిరుగుప్రయాణంలో ఒకే బస్సు అడిగి మరీ ఎక్కారు. దారిలో బస్సు ఆగినప్పుడు, రాట్లర్స్ తాము గెలుచుకున్న ఐదు డాలర్లతో అందరికీ పానీయాలు కొన్నారు.

పక్కపక్కన కూర్చోబెడితే మనుషులు కలవరు, ఒకరు లేనిదే ఇంకొకరికి సాగని పని ఉంటే కలుస్తారు. షెరీఫ్ తేల్చింది ఇదే.

కుట్రను పసిగట్టిన పిల్లలు

అంతకు ముందు ఏడాది, 1953లో, న్యూయార్క్ రాష్ట్రంలోని మిడిల్ గ్రోవ్‌లో షెరీఫ్ ఇలాంటిదే చేయబోయి విఫలమయ్యారని చాలామందికి తెలియదు. అక్కడ పిల్లలను విడదీయకముందే స్నేహాలు కుదిరిపోయాయి. తర్వాత పెద్దవాళ్లే రహస్యంగా వస్తువులు పాడుచేసి అవతలి జట్టు మీద అనుమానం రేపబోయారు. పిల్లలు కూడబలుక్కుని, ఇది పెద్దవాళ్ల పనేనని పోల్చుకున్నారు. ప్రయోగం మధ్యలో ఆగిపోయింది. ఈ సంగతులు తవ్వితీసిన జీనా పెర్రీ పుస్తకం 2018లో వచ్చింది. ముందే మనసులు కలిస్తే, చిచ్చు పెట్టేవాడి చెయ్యి కనిపిస్తుందన్నమాట.

నాలుగు షరతులు

అదే 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ పక్షపాతం మీద రాసిన పుస్తకం ఈ రంగానికి పునాది అయింది. వేర్వేరు వర్గాల కలయిక ద్వేషాన్ని తగ్గించాలంటే నాలుగు ఉండాలన్నారు: కలిసినచోట సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పోటీ కాక సహకారం, పైనున్న వ్యవస్థ అండ. 2006లో థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 515 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, అత్యధిక భాగం కలయిక పక్షపాతాన్ని తగ్గిస్తుందనే చెప్పాయి. ఆ నాలుగు షరతులున్నచోట ఫలితం మరింత బలంగా ఉంది.

గని లోపల, గని బయట

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా బొగ్గుగనుల్లో తెల్ల, నల్ల కార్మికులు భూమి లోపల సమానులు. పైకి రాగానే ఎవరి దారి వారిది. 1952లో మినార్డ్ అనే పరిశోధకుడు రాసిన ప్రకారం తెల్ల కార్మికుల్లో 60 శాతం గని బయట ఒకలా, లోపల ఒకలా మెలిగేవారు. మనకిది కొత్త కాదు. పొలంలో ఒకే వరసలో నాట్లు వేసినవాళ్లకు ఊళ్లోని టీకొట్టులో రెండు రకాల గ్లాసులు పెట్టిన చరిత్ర మన పల్లెలది. పని కలిపితే సరిపోదు, ఊరి కట్టుబాటూ మారాలి.

ఒకరి దగ్గర ఒక ముక్క

1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లలను మొదటిసారి ఒకే తరగతిలో కూర్చోబెట్టగానే గొడవలు మొదలయ్యాయి. ఎలియట్ ఆరన్సన్‌ను పిలిచారు. ఆయన పాఠాన్ని ఆరు ముక్కలు చేసి, ఆరుగురి బృందంలో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. ఒక నాయకుడి జీవితకథ అనుకోండి, బాల్యం ఒకరి దగ్గర, చదువు ఒకరి దగ్గర. పరీక్ష మొత్తం కథ మీద. ఇంగ్లీషు తడబడే పిల్లాణ్ని వెక్కిరిస్తే పోయేది మన మార్కులే. కొద్దిరోజుల్లో వెక్కిరింతలు ఆగి, "తర్వాత ఏమైంది, చెప్పు" అనే ప్రశ్నలు మొదలయ్యాయి. ద్వేషం తగ్గింది, వెనకబడ్డ పిల్లల మార్కులూ పెరిగాయి. దీనికి కావలసిందల్లా పాఠాన్ని ముక్కలు చేసే ఓపిక. మన ఏ సర్కారు బడిలోనైనా రేపే మొదలుపెట్టవచ్చు.

ఒకే జట్టు, ఎదుటి జట్టు

వారణాసి జిల్లా పల్లెల్లో మాట్ లోవ్ అనే ఆర్థికవేత్త క్రికెట్ లీగులు నడిపారు. కొన్ని జట్లలో ఒకే కులం కుర్రాళ్లు, కొన్నింటిలో అన్ని కులాలవాళ్లు. 1,261 మంది యువకులు పాల్గొన్న ఈ అధ్యయనం 2021లో అచ్చయింది. వేరే కులంవాడితో ఒకే జట్టులో ఆడినవాళ్లకు కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ఎదుటి జట్టులో మాత్రమే చూసినవాళ్లకు ఆ మేలు జరగలేదు.

ఇరాక్‌లో ఐసిస్ వల్ల ఊళ్లు వదలాల్సి వచ్చిన క్రైస్తవుల ఫుట్‌బాల్ జట్లలో సల్మా మూసా ముస్లిం ఆటగాళ్లను చేర్చి చూశారు. నెలల తర్వాత కూడా వాళ్లు కలిసి సాధన చేస్తూనే ఉన్నారు. అయితే మైదానం అవతలి కొత్తవాళ్ల మీద నమ్మకం అంత సులభంగా పెరగలేదు. ఆమె ఆ సంగతీ నిజాయితీగా రాశారు.

చొక్కా మారితే చాలదు, చూపు మారాలి

2005లో వెలువడిన అధ్యయనం కోసం ఇంగ్లండులో మార్క్ లెవిన్ బృందం మాంచెస్టర్ యునైటెడ్ అభిమానుల ముందు ఒక పరుగెత్తే మనిషిని జారిపడేట్టు చేసింది. తమ జట్టు చొక్కా వేసుకుంటే పరుగున వెళ్లి లేపారు, లివర్‌పూల్ చొక్కా అయితే చాలామంది తప్పుకుపోయారు. మరోసారి, "ఫుట్‌బాల్ అభిమానులుగా మీ గురించి చెప్పండి" అని ముందు మాట్లాడించి అదే చేశారు. ఈసారి లివర్‌పూల్ చొక్కాకూ చేతులు అందాయి. మామూలు చొక్కా వేసుకున్నవాడు మాత్రం అలాగే ఉండిపోయాడు. 'మనం' పెరిగింది, ఇంకా అందరిదాకా రాలేదు.

ఆరు నగరాలు, రెండు దారులు

మత ఘర్షణలు కొన్ని ఊళ్లలోనే ఎందుకు మళ్లీ మళ్లీ జరుగుతాయి? అశుతోష్ వార్ష్ణేయ 1950 నుంచి 1995 దాకా లెక్కలు తీశారు. అల్లర్ల మరణాల్లో సగానికి దగ్గరగా ఎనిమిది నగరాల్లోనే జరిగాయి. ఆ ఎనిమిదిలో మన హైదరాబాద్ ఉంది. పల్లెల వాటా 4 శాతం లోపే. 2002లో వచ్చిన పుస్తకంలో ఆయన అలీగఢ్‌ను కోళికోడ్‌తో, హైదరాబాద్‌ను లక్నోతో, అహ్మదాబాద్‌ను సూరత్‌తో పోల్చారు. కోళికోడ్‌లో 90 శాతం హిందూ, ముస్లిం కుటుంబాలు తమ పిల్లలు కలిసి ఆడుకుంటారని చెబితే, అలీగఢ్‌లో అలా చెప్పినవి 42 శాతం. అన్నిటికన్నా గట్టిగా పనిచేసినవి వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు, గ్రంథాలయాల వంటి ఉమ్మడి సంస్థలు. పుకారు పుట్టగానే ఫోను చేసి నిజం కనుక్కోవడానికి అవతలివైపు ఒక మనిషి ఉండేవాడు.

మన పల్లెల్లో అలాంటి ముడులు పాతవే. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండుగకు హిందువులు, ముస్లింలు కలిసే మొక్కుతారు. ఊరి పండుగ కాబట్టి అది ఎవరో ఒకరిది కాదు.

ఒకే బంతిలో భోజనం

1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా దంపతులు కులమతాలు చూడని సహపంక్తి భోజనాలు పెట్టేవారు. ఆల్‌పోర్ట్ పుస్తకం అప్పటికి రాలేదు. కూర్చునే నేల ఒకటే, విస్తరి ఒకటే, వడ్డించేవాడికీ తినేవాడికీ తేడా లేదు. సమాన హోదా అనే మొదటి షరతును ఆ బంతి అలా తీర్చింది.

ఇన్ని ప్రయోగాలూ ఒక్కమాట చెబుతున్నాయి. 'మేము' తనంతట తాను పుడుతుంది, చుక్కలు లెక్కపెట్టినా పుడుతుంది. 'మనం' మాత్రం పని పెట్టి, చోటిచ్చి, పెంచుకోవలసింది. దానికి ఉపన్యాసాలు చాలవు, ఇద్దరూ పట్టుకోవలసిన ఒక తాడు కావాలి. ఈసారి వీధి క్రికెట్ జట్టు వేసినా, అపార్టుమెంటులో వినాయక చవితి కమిటీ వేసినా, బడిలో ప్రాజెక్టు బృందాలు చేసినా, ఇప్పటిదాకా మీ 'మేము'లో లేని ఒకరి పేరు రాయండి. రాసి, చూస్తూ కూర్చునే పని కాక, అతను లేనిదే సాగని పని అప్పగించండి.